మ్యాట్ మీద సందేహాలు: బరువు, తామర, ట్యాప్

గుద్దులూ తన్నులూ లేకుండా పట్టుల మీదే సాగే ఆటలన్నిటినీ కలిపి గ్రాప్లింగ్ అంటున్నారు. కుస్తీ, జూడో, బ్రెజిలియన్ జియు-జిట్సు అన్నీ ఇందులోకే వస్తాయి. ఆఫీసో కాలేజో అయ్యాక వెళ్లి ఇవి నేర్చుకుంటూ, ఎప్పుడైనా ఒక పోటీలో దిగి చూద్దామనుకునే వాళ్ల నుంచి ఈసారి ఉత్తరాలు బాగా వచ్చాయి. ఎక్కువగా బరువు గురించే అడిగారు కాబట్టి దాంతోనే మొదలుపెడదాం.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఉండేది మియాపూర్. ఏడాదిగా జియు-జిట్సు నేర్చుకుంటున్నాను, వైట్ బెల్ట్. వచ్చే నెల మొదటి పోటీ. నా బరువు 77 కిలోలు. 76 కేటగిరీలో దిగితే చిన్నవాళ్లు తగులుతారని క్లాసులో అందరూ చెబుతున్నారు. మూడు రోజులు ఉప్పు మానేసి, చివరి రోజు నీళ్లు కూడా మానేస్తే కిలో ఇట్టే పోతుందట. మా ఆవిడేమో ఈ వయసులో ఇదేం పిచ్చి అంటోంది.
— పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: పోటీకి వెళ్లండి. ఉప్పూ నీళ్లూ మానేసే విషయంలో మాత్రం మీ ఆవిడ పక్షమే నేనూ.

ముందు మీ లెక్కలోనే తేడా ఉంది. 76 కిలోలు అన్నది అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య (ఐబీజేజేఎఫ్) వాళ్ల లైట్ కేటగిరీ పరిమితి. వాళ్ల నిబంధనల్లో గీ (జియు-జిట్సుకి వేసుకునే మందపాటి దుస్తులు) పోటీకి గీ వేసుకునే కాటా ఎక్కాలి. గీ, బెల్టు కలిపి ఒకటిన్నర, రెండు కిలోలు ఉంటాయి. అంటే కాటా మీద మీరు 77 కాదు, 79కి అటూ ఇటూ. తగ్గాల్సింది కిలో కాదు, మూడు కిలోలు. పైన ఉన్న మిడిల్ కేటగిరీ పరిమితి 82.3. అందులో మీరు పొద్దున ఇడ్లీ తిని, కాఫీ తాగి హాయిగా సరిపోతారు.

రెండోది ఇంకా ముఖ్యం. ఈ పద్ధతిలో బరువు చూసేది మొదటి మ్యాచ్‌కి కాస్త ముందే. కాటా దిగారంటే నేరుగా మ్యాట్ మీదికే. పోయిన నీళ్లు మళ్లీ ఒంట్లోకి ఎక్కడానికి టైమే ఉండదు. పోనీ బరువు ఎక్కువ చూపిస్తే మళ్లీ వస్తానంటే కుదరదు, అక్కడితో ఔట్. మన దగ్గర జరిగే పోటీలన్నీ ఇదే పద్ధతిలో జరగవు, కొన్ని చోట్ల ముందు రోజు చూస్తారు, కొన్ని చోట్ల గీ లేకుండా చూస్తారు. ఫీజు కట్టేముందే రూల్స్ చదవండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పిన మాట పట్టుకుని వెళ్లకండి.

నీళ్లు మానేసి బరువు దించడం ఎంత ప్రమాదమో కుస్తీ లోకానికి ఎప్పుడో తెలిసొచ్చింది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు, నెలన్నర కూడా తిరక్కుండా, బరువు దించుకునే ప్రయత్నంలోనే చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ కాలేజీ కుస్తీలో రబ్బరు సూట్లూ, ఆవిరి గదులూ నిషేధించారు. ఇక 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్ సంగతి అందరం చూశాం. 50 కిలోల ఫైనల్ రోజు పొద్దున 100 గ్రాములు ఎక్కువ వచ్చాయి, రాత్రంతా కష్టపడి, జుట్టు కూడా కత్తిరించినా లాభం లేకపోయింది. ఆమె చుట్టూ డాక్టర్లున్నారు, కోచ్‌లున్నారు, ఎదురుగా ఒలింపిక్ పతకం ఉంది. మన ముందున్నది ఒక స్టీలు పతకమూ, ఇంటికెళ్లాక పెట్టుకోవడానికి ఒక ఫొటో.

మీ వయసుకి మాస్టర్ 2 అనే వయసు విభాగంలో పడతారు, మ్యాచ్ ఐదు నిమిషాలు. వైట్ బెల్టుల్లో ఆ ఐదు నిమిషాలు ఊపిరి నిలబెట్టుకున్నవాడే సాధారణంగా గెలుస్తాడు, అవతలివాడు మూడు కిలోలు ఎక్కువున్నా సరే. నిజంగా 76లో ఆడాలని ఉంటే వచ్చే ఏడాదికి పెట్టుకుని, రాత్రి పూట బిర్యానీలు తగ్గించి నెమ్మదిగా దిగండి.

ప్రశ్న: అన్నా, నేను చిన్నప్పటి నుంచి మట్టిలో కుస్తీ పట్టినోణ్ణి. మా మామ పహిల్వాన్. ఇప్పుడు దోస్తులతోని జియు-జిట్సు క్లాసుకు పోతున్న. అందరినీ కింద పడేస్తున్న కానీ, పడేసినంక నిమిషంలో నన్నే మెడ పట్టి ట్యాప్ (ఓటమి ఒప్పుకుని చేత్తో తట్టుడు) చేయిస్తున్నరు. నాకంటే సన్నగా ఉన్నోళ్లు కూడా. పరువు పోతోంది.
— డిగ్రీ విద్యార్థి, హైదరాబాద్ పాతబస్తీ

జవాబు: తమ్ముడూ, నీ కుస్తీలో లోపం లేదు, రూల్స్ మారాయంతే. మట్టిలో రెండు భుజాలూ నేలకి ఆనితే చిత్. ఆట అయిపోయినట్టే. అందుకని చిన్నప్పటి నుంచి నీ ఒళ్లు ఒకటే నేర్చుకుంది, ఏం జరిగినా వెల్లకిలా పడకూడదు, పడబోతే గిర్రున తిరిగి బోర్లా పడిపోవాలి. 1910లో లండన్‌లో గామా పహిల్వాన్ మీద స్టానిస్లాస్ జిబిస్కో చేసింది అదే. చాపని కరుచుకుని బోర్లా రెండున్నర గంటలకు పైగా పడుకున్నాడు, గామా అంతటివాడు కూడా ఆ రోజు చిత్ చేయలేకపోయాడు, డ్రా అయింది.

అదే పని జియు-జిట్సులో చేశావంటే వీపు అప్పజెప్పినట్టే. అవతలివాడు వీపెక్కి, రెండు మడమలూ నీ తొడల లోపలికి దూర్చి, మూడు సెకన్లు ఉంటే నాలుగు పాయింట్లు. ఈలోపు ఒక చెయ్యి నీ గడ్డం కిందికి వచ్చేస్తుంది. నువ్వు కష్టపడి ఎత్తి పడేసినందుకు వచ్చేది రెండు పాయింట్లే అని గుర్తుపెట్టుకో. కాళ్లు దాటుకుని పక్కకి వెళ్తే మూడు, గుండె మీద ఎక్కి కూర్చుంటే నాలుగు. అంటే ఈ ఆటలో పడేసిన తర్వాతే అసలు లెక్క మొదలవుతుంది.

కొన్నాళ్లు కావాలనే కిందనుంచి మొదలుపెట్టు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మధ్యలో పెట్టి, అవతలివాణ్ణి దాటనివ్వకుండా ఆపడం నేర్చుకో. మొదట్లో చిరాగ్గా ఉంటుంది, నీలాంటి వాళ్లకి మరీను. ఇంకోటి, కాళ్లకి దూకేటప్పుడు తల కిందికి దించి మెడ చాచకు. సన్నవాళ్లు నిన్ను పట్టేది అక్కడే, గిలటిన్ అనే మెడ పట్టుతో. తల పైకెత్తి, చెవి వాడి పక్కటెముకలకి ఆనించి వెళ్లు, మీ మామ కూడా అదే చెప్పి ఉంటాడు. కాళ్ల మధ్య నిన్ను బిగించినవాణ్ణి ఎత్తి నేలకేసి కొట్టడం మాత్రం వద్దు, పోటీలో వెంటనే డిస్‌క్వాలిఫై చేస్తారు.

ఆరు నెలలు ఓపిక పట్టావంటే ఆ క్లాసులో నీతో రోల్ (ప్రాక్టీసు కుస్తీ) చేయాలంటే అందరికీ టెన్షనే. కుస్తీ పునాది ఉన్నవాడు కింద ఆట నేర్చుకుంటే ఆపడం కష్టం.

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. రెండేళ్లుగా జూడో, ఇప్పుడు జియు-జిట్సు కూడా అంటోంది. మగపిల్లలతో కలిపి ప్రాక్టీసు చేయిస్తారని మా అత్తగారికి అభ్యంతరం. దానికి తోడు మెడ మీద, మోచేతి దగ్గర గుండ్రంగా ఎర్రటి మచ్చలు. మెడికల్ షాపులో క్రీమ్ ఇస్తే రెండు రోజుల్లో దురద తగ్గింది, మానేయగానే ఇంకా ఎక్కువగా వచ్చింది. ఇప్పుడు చిన్నవాడికి కూడా వచ్చింది. మాన్పించేద్దామా?
— ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, మాన్పించాల్సింది ఆ క్రీమ్‌ని. మీరు రాసినదాన్ని బట్టి అది తామరలాగే ఉంది. అంచు ఎర్రగా ఉబ్బెత్తుగా ఉండి, మధ్యలో చర్మం కాస్త మామూలుగా కనిపిస్తుంటే దాదాపు అదే. షాపులో చేతికిచ్చే క్రీముల్లో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. ట్యూబు మీద క్లోబెటాసాల్, బీటామెథాసోన్ లాంటి పేర్లుంటే అదేనన్నమాట. స్టెరాయిడ్ దురదని నొక్కేస్తుంది, ఎరుపు తగ్గిస్తుంది, కింద ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. మన దేశంలో మొండి తామర ఇంతగా పెరగడానికి ఈ క్రీములు ఒక పెద్ద కారణమని చర్మవ్యాధుల డాక్టర్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఇద్దరు పిల్లల్నీ ఒకేసారి స్కిన్ డాక్టరుకి చూపించండి, ఆ ట్యూబు కూడా తీసుకెళ్లండి. వారాల తరబడి వాడమంటారు, మచ్చ మాయమయ్యాక కూడా. మధ్యలో ఆపొద్దు.

డాక్టరు సరేననే దాకా అమ్మాయిని మ్యాట్ ఎక్కనివ్వకండి, ప్లాస్టర్ వేసి పంపించడం కూడా వద్దు. కోచ్‌కి దాచకుండా చెప్పండి. చెబితే కసురుకునే కోచ్ అయితే ఆ క్లాసు గురించి మీకు తెలియాల్సింది తెలిసిపోయినట్టే. మీ ఊళ్లో ఉక్కకి గీ ఆరడం కష్టమే, అయినా ఒకసారి వేసుకున్న గీ ఉతక్కుండా రెండోసారి వేసుకోకూడదు. అవసరమైతే రెండో జత కొనండి. బెల్టు కూడా ఉతకాలి, ఉతికితే విద్య పోతుందనే మాటలు పట్టించుకోకండి. క్లాసు అయిన వెంటనే స్నానం. టవలు ఎవరిది వాళ్లకే. మ్యాట్ దిగితే చెప్పులు, ముఖ్యంగా బాత్రూమ్‌కి వెళ్లేటప్పుడు.

ఇక అత్తగారి సంగతి. ఆవిడనే ఒకరోజు క్లాసుకి తీసుకెళ్లి ఒక పక్కన కూర్చోబెట్టండి. తల్లిదండ్రుల్ని కూర్చోనివ్వని క్లాసు అయితే నేనే మాన్పించమంటాను. జతలు ఎలా కలుపుతున్నారో చూడండి. బరువు, వయసు చూసి కలుపుతున్నారా, అమ్మాయి ‘ఇతనితో వద్దు’ అంటే కారణం అడక్కుండా మారుస్తున్నారా, కోచ్ పట్టు చూపించేటప్పుడు చెప్పి చేయి వేస్తున్నాడా? ఇవి బాగుంటే మగపిల్లలతో ప్రాక్టీసు వల్ల అమ్మాయికి మేలే. వాటిలో ఏ ఒక్కటి బాగా లేకపోయినా అమ్మాయిలకి మాత్రమే నడిపే క్లాసు అయినా సరే వద్దు.

జూడో మాత్రం వదిలేయనివ్వకండి. అది ఒలింపిక్ క్రీడ, స్కూల్ గేమ్స్‌లోనూ ఉంది, ఆ సర్టిఫికెట్లకి విలువుంటుంది. బ్రెజిలియన్ జియు-జిట్సు ఒలింపిక్స్‌లో లేదు.

ప్రశ్న: క్లాసులో ఒక సీనియర్ ఆర్మ్‌బార్ (మోచేతిని చాపి వెనక్కి వంచే పట్టు) వేస్తే వెంటనే ట్యాప్ చేయలేదు, తట్టుకుందామనుకున్నాను. మోచేయి ‘టక్’మంది. మూడు వారాలైనా బకెట్ ఎత్తలేకపోతున్నాను. వెంటనే ట్యాప్ చేస్తే భయస్తుడంటారు కదా?
— ప్రైవేటు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: మూడు వారాలైనా బకెట్ ఎత్తలేకపోతుంటే ఇది చదవడం ఆపి ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి వెళ్లండి. నిజంగానే.

ట్యాప్ అంటే ‘నీ పట్టు పడింది, మళ్లీ మొదలుపెడదాం’ అని చెప్పడమే. అలా అనుకుంటేనే ఒక సాయంత్రంలో పదిసార్లు మొదలుపెట్టగలరు. మోచేయి పూర్తిగా చాపుకుపోయి, మీ బొటనవేలు పైకి చూస్తూ, అవతలివాడి నడుం మీ మోచేతి కిందికి వచ్చాక ఇక తప్పించుకునే దారులు చాలా తక్కువ. నొప్పి కోసం ఎదురుచూడక్కర్లేదు, ఆ స్థితిలోనే తట్టేయండి. మడమ మెలితిప్పే హీల్‌హుక్‌లో అయితే నొప్పి తెలిసేలోపే మోకాలి లిగమెంట్ తెగిపోవచ్చు. అందుకే గీ పోటీల్లో ఏ బెల్టు వాళ్లకీ ఐబీజేజేఎఫ్ దాన్ని ఒప్పుకోదు. మెడ పట్టు సరిగ్గా పడితే పది సెకన్లలోపే స్పృహ పోతుంది, ఎంత బలవంతుడికైనా, ఎందుకంటే ఆగేది ఊపిరి కాదు, మెదడుకి వెళ్లే రక్తం. చెయ్యి ఇరుక్కుంటే నోటితో అరవండి, కాలితో తట్టండి.

తప్పు మీ ఒక్కరిదే కూడా కాదు. మోచేయి చాపుకుపోయాక నెమ్మదిగా నొక్కాల్సిన బాధ్యత సీనియర్‌ది. క్లాసులో కొత్తవాళ్ల చేతుల మీద బలం చూపించే సీనియర్లు ప్రతి చోటా ఒకరిద్దరుంటారు. మళ్లీ వెళ్లాక అతను రోల్‌కి పిలిస్తే ‘ఈరోజు వద్దు బ్రదర్’ అనండి. కారణం చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మన కోడి రామమూర్తి నాయుడు పుట్టిన నేల మీద ఈ బ్రెజిల్ కుస్తీ మోజేమిటి?
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, పార్వతీపురం

జవాబు: నమస్కారం మాస్టారూ. ఆయన పుట్టిన వీరఘట్టం మీకు దగ్గరే కాబట్టి మీ కోపం న్యాయమే. కానీ ఇది పూర్తిగా బ్రెజిల్‌ది కూడా కాదు. జపాన్‌లో 1882లో జిగోరో కానో మొదలుపెట్టిన జూడోని మిత్సుయో మయెదా అనే ఆయన దేశదేశాలు తిరిగి కుస్తీలు పడుతూ 1914లో బ్రెజిల్ చేర్చాడు, అక్కడ గ్రేసీ కుటుంబం దాన్ని తమ పద్ధతిలో మలుచుకుంది. మన కుర్రాళ్లు కూడా దాన్ని మన పద్ధతిలో మలుచుకుంటారేమో చూద్దాం. మీ ఊళ్లో మట్టి గోదా ఇంకా నడుస్తుంటే ఫొటోతో సహా రాయండి, వచ్చే సంచికలో వేస్తాం.

ప్రశ్న: మొదటి పోటీలో రెండు నిమిషాలకే ముంజేతులు రాయిలా బిగుసుకుపోయాయి. వేళ్లు తెరుచుకోలేదు. క్లాసులో గంటసేపు ఆడినా ఇలా కాదు. ఎందుకు?
— బీటెక్ విద్యార్థిని, వరంగల్

జవాబు: కంగారులో అవతలి అమ్మాయి గీని ప్రాణం పోతున్నట్టు పట్టుకుని ఉంటారు, ఊపిరి బిగబట్టి ఉంటారు. దాదాపు అందరికీ మొదటిసారి ఇలాగే అవుతుంది. ఈసారి పిలవడానికి ఇరవై నిమిషాల ముందే చెమట పట్టేదాకా ఒళ్లు వేడి చేసుకోండి, చల్లటి ఒంటితో మ్యాట్ ఎక్కొద్దు. మొదటి పట్టు ఏమిటో ఇంటి దగ్గరే నిర్ణయించుకోండి, ఒక్కటే, మీకు బాగా వచ్చింది. పట్టుకున్నాక దాంతో ఏదో ఒకటి చేయండి, లాగండి, తిప్పండి, లేదా వదిలేయండి. ఊరికే పట్టుకుని వేలాడకూడదు. మీ వాళ్లలో ఒకర్ని మ్యాట్ పక్కన నిలబెట్టి రెండే అరవమనండి: టైమెంత ఉంది, పాయింట్లెన్ని. మిగతా సలహాలు ఆ సమయంలో చెవికెక్కవు.