మీ ప్రశ్న మూసేసింది మోడరేటర్ కాదు, నాలాంటివాడే

"స్టాక్ ఓవర్‌ఫ్లోలో మొదటిసారి ఒక ప్రశ్న అడిగాను. పది నిమిషాల్లో మూసేశారు. రెండు డౌన్‌ఓట్లు కూడా పడ్డాయి. ఎందుకో ఒక్కరూ చెప్పలేదు. ఆ మోడరేటర్లకు అంత పొగరెందుకు?" అని మీలో ఒకరు అడిగారు. తెలియనివాళ్లకు, స్టాక్ ఓవర్‌ఫ్లో అంటే ప్రోగ్రాములు రాసేవాళ్లు ప్రశ్నలడిగి జవాబులు చెప్పుకునే సైట్. పోస్టు బాగుంటే అప్‌ఓట్, లేకపోతే డౌన్‌ఓట్ వేస్తారు. ప్రశ్న మూసేస్తే ఇక దానికి ఎవరూ జవాబు రాయలేరు.

ముందు ఒక సవరణ. మీ ప్రశ్న మూసింది మోడరేటర్ అయ్యుండరు. పేరు పక్కన వజ్రం గుర్తు ఉన్నవాళ్లే అసలు మోడరేటర్లు. వాళ్లను సభ్యులే ఓట్లేసి ఎన్నుకుంటారు, జీతం ఉండదు, వచ్చిన తగాదాలు తీర్చడానికే వాళ్లకు టైమ్ సరిపోదు. ప్రశ్నలు మూసేది చాలా వరకు 3000 రెప్యుటేషన్ (మన పోస్టులకు పడిన ఓట్లతో వచ్చే పాయింట్లు) దాటిన మామూలు సభ్యులు. ముగ్గురు ఓటేస్తే ప్రశ్న మూతపడుతుంది. 2019కి ముందు అయిదుగురు వేయాల్సి వచ్చేది. ఆ మామూలు సభ్యుల్లో నేనూ ఒకడిని.

నాకు 3000 ఎలా వచ్చిందో చెబితే మీకు ఇంకా ఒళ్లు మండుతుంది. ఎప్పుడో 2013లో, జావాలో తేదీని ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌లోకి ఎలా మార్చాలో నాలుగు లైన్లు రాశాను. అంతే. దానికి ఇప్పటికీ నెలకు ముగ్గురో నలుగురో అప్‌ఓట్ కొడుతూనే ఉంటారు, ఓటుకు పది పాయింట్లు. మా నాన్నగారికి ఒకటో తారీఖున పెన్షన్ పడినట్టు నాకు రెప్యుటేషన్ పడుతుంది. ఈ పెన్షన్ తిని కూర్చున్నవాడికి మీ ప్రశ్న బాగుందో లేదో తేల్చే అధికారం ఇచ్చారు.

ఇక పొగరు సంగతి. పొగరు కాదండీ, టీ టైమ్. కొందరు టీ తాగుతూ క్రికెట్ స్కోర్ చూస్తారు, నేను రివ్యూ క్యూ చూసేవాణ్ణి. మూయాలా వద్దా అని ఒకదాని వెనక ఒకటి ప్రశ్నలు వస్తుంటాయి. కప్పు ఖాళీ అయ్యేలోపు పది పన్నెండు తేల్చేసేవాణ్ణి. ఇప్పుడు లెక్కేస్తే ఒక్కో ప్రశ్నకు అర నిమిషం కూడా ఇవ్వలేదు. అవతల అడిగినవాడు దాన్ని రాయడానికి గంట కూర్చుని ఉంటాడు.

2021లో జరిగింది చెబుతాను. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజులు, తణుకులో అమ్మావాళ్లింట్లో ఉన్నాను. ఒక సాయంత్రం క్యూలో ఒక ప్రశ్న వచ్చింది. టైటిల్‌లో నల్ పాయింటర్ ఎక్సెప్షన్ అని ఉంది, అంటే ఖాళీగా (నల్) ఉన్నదాన్ని వాడబోతే జావా ఇచ్చే ఎర్రర్. జావా వాళ్లకు తెలుసు, దీనికి 2008 నాటి ఒక పెద్ద ప్రశ్న ఉంది, "నల్ పాయింటర్ ఎక్సెప్షన్ అంటే ఏమిటి, ఎలా సరిచేయాలి" అని. ఎవరు నల్ పాయింటర్ అన్నా దాని మీదికి తోసేయడం మాకు అలవాటు. జ్వరం అనగానే పారాసెటమాల్ రాసిచ్చినట్టు. రాసిన తీరు చూస్తే కుర్రాడు మనవైపువాడే అనిపించింది. ఇంగ్లిష్‌లో "నాకొక డౌట్ ఉంది సర్" అని మొదలుపెట్టాడు. కోడ్ మొత్తం చదవలేదు. డూప్లికేట్, అంటే ఇంతకుముందే ఎవరో అడిగేసిన ప్రశ్న, అని ఓటేసి తరవాతి ప్రశ్నకు వెళ్లిపోయాను.

మూడు వారాలు తిరక్కుండానే, రాత్రి రెండింటికి ఫోన్. ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్‌లో, ఆర్డర్లు ఆగిపోయాయి. కాల్‌లో క్లయింటు, మేనేజరు, ఇంకా ఎందుకున్నారో తెలియని మరో ఆరుగురు. లాగ్ తెరిస్తే నల్ పాయింటర్ ఎక్సెప్షన్. లైన్ నంబర్ ఉంది. ఆ లైన్‌కి వెళ్లి చూస్తే అక్కడ నల్ కావడానికి ఏమీ లేదు. సాధారణంగా ఈ ఎర్రర్ వచ్చిన లైన్‌లో ఒక చుక్క ఉంటుంది, ఆ చుక్కకు ఎడమ పక్కన ఉన్నదేదో నల్ అయి ఉంటుంది. కళ్లు మూసుకుని చెప్పేయొచ్చు. ఈ లైన్‌లో చుక్కే లేదు! కూపన్ లేకపోతే సున్నా, ఉంటే డిస్కౌంట్ అని ప్రశ్నార్థకం, కోలన్ పెట్టి ఒకే లైన్‌లో రాసిన ఇఫ్-ఎల్స్, దాని ఫలితం ఒక ఇంటీజర్ వేరియబుల్‌లో పడుతుంది. ఇంటీజర్‌లో నల్ పెట్టుకోవచ్చు కదా, మరి ఎందుకు పేలింది? జావా 14లో, ఏది నల్ అయిందో విడమరిచి చెప్పే ఎర్రర్ మెసేజ్ తెచ్చారు. మా ప్రాజెక్ట్ అప్పటికి జావా 8 దగ్గరే ఉంది. అప్‌గ్రేడ్ చేద్దామని అంతకు రెండేళ్ల ముందు నుంచి మొత్తుకుంటున్నాను, "పనిచేస్తున్నదాన్ని కదపడం ఎందుకు" అనేవారు. సరే, అది వేరే గోల.

అమ్మ లేచి వచ్చి "ఇంకా పడుకోలేదేంట్రా" అంది. మంచినీళ్లు తెచ్చిపెట్టి వెళ్లింది. నేను గూగుల్‌లో "చుక్క లేని లైన్‌లో నల్ పాయింటర్, ప్రశ్నార్థకం కోలన్" అని ఇంగ్లిష్‌లో తిప్పి తిప్పి కొడుతున్నాను. ఒక ప్రశ్న దొరికింది. అచ్చం నా లైనే. అందులో కూపన్ బదులు పరీక్ష మార్కులు. ఆబ్సెంట్ అయితే సున్నా, లేకపోతే మార్కులు. మార్కులు ఇంకా ఎక్కించలేదు కాబట్టి నల్. ప్రాణం లేచొచ్చింది. జవాబు కోసం కిందికి లాగాను. జవాబుల్లేవు. పైకి వచ్చి చూస్తే డూప్లికేట్ అని మూసేసి ఉంది. మూసినవాళ్లు ముగ్గురు. రెండో పేరు నాది.

కింద ఆ కుర్రాడి కామెంట్ ఒక్కటే ఉంది. సర్, మీరిచ్చిన లింక్ చదివాను, నా లైన్‌లో మెథడ్ కాల్ (చుక్క పెట్టి రాసేది) లేదు, దయచేసి ఒక్కసారి చూడండి, అని. ఎవరూ చూడలేదు. స్కోరు మైనస్ ఒకటి. అక్కడ ఇంకో రూల్ ఉంది. స్కోరు సున్నా కంటే తక్కువై, జవాబు లేకుండా 30 రోజులు పడి ఉంటే ఆ ప్రశ్నను సిస్టమే తుడిచేస్తుంది. ఇంకో రెండు వారాలు ఆగి మా ప్రొడక్షన్ పడి ఉంటే నాకు అది కూడా కనిపించేది కాదు.

చివరికి వేరే పాత ప్రశ్నలో జవాబు దొరికింది. ఒక పక్క ఇంట్ (నల్ పట్టని ఉత్త సంఖ్య, ఇక్కడ ఆ సున్నా), ఇంకో పక్క ఇంటీజర్ ఉంటే జావా ఆ రెండింటినీ కలిపి ఇంట్‌గానే లెక్కేస్తుంది. అంటే నల్‌ని బలవంతంగా ఇంట్ చేయబోతుంది, అక్కడే పేలుతుంది. ఫలితం ఎందులో పెట్టుకుంటున్నామన్నది అది చూడదు. మామూలు ఇఫ్-ఎల్స్‌గా విడగొట్టి రాశాను, మూడున్నరకు ఆర్డర్లు కదిలాయి. కుర్రాడి ప్రశ్న నిజంగా డూప్లికేటే, కాకపోతే మేం పంపింది తప్పు గుమ్మానికి.

పొద్దున్నే తిరిగి తెరవమని ఓటేశాను, సరైన లింక్‌తో, నాదే తప్పని కామెంట్ పెట్టాను. సాయంత్రానికి మిగతా రెండు ఓట్లూ పడి ప్రశ్న తెరుచుకుంది. పది నిమిషాల్లో, జావా జవాబులకు బాగా ఓట్లు సంపాదించి గోల్డ్ బ్యాడ్జ్ తెచ్చుకున్నాయన ఒకరు వచ్చి మళ్లీ మూసేశారు, ఈసారి సరైన లింక్‌తో. గోల్డ్ బ్యాడ్జ్ ఉంటే డూప్లికేట్ అని ఒక్కరే మూసేయొచ్చు. ఆయన చేసింది రూల్ ప్రకారం కరెక్టే, కాదనను. కుర్రాడి ప్రొఫైల్ తెరిచి చూశాను. చివరిసారి కనిపించింది ఎప్పుడని చూస్తే ప్రశ్న అడిగిన రోజే. మళ్లీ రాలేదు.

అప్పటి నుంచి నాది ఒకటే మాట. మూయాలనుకున్నవాడు, సమస్య ఏ లైన్‌లో ఉందో ఆ లైన్‌ని కాపీ చేసి ఒక డబ్బాలో అతికిస్తేనే మూసే బటన్ పనిచేయాలి. ఇంతకు మించి ఏ సంస్కరణా అక్కర్లేదు. ఆ లైన్ వెతకాలంటే కోడ్ చదవాలి, చదివితే సగం మంది ఓటు వేయకుండానే ఆగిపోతారు. నేనైతే కచ్చితంగా ఆగేవాణ్ణి. ఈ మాట తెలిసినవాళ్ల దగ్గర అంటే "అప్పుడు క్యూ ఎవడు ఖాళీ చేస్తాడు" అంటారు. ఖాళీ కాకపోతే ఏమవుతుందట? క్యూ ఖాళీ చేయడానికా మనం అక్కడికి వెళ్లింది?

డౌన్‌ఓట్ వేసి మాట్లాడకుండా పోవడం మీద కూడా నాకు కోపమే. కామెంట్ పెట్టమని బలవంతం చేస్తే, అడిగినవాడు పగబట్టి మన జవాబులన్నింటికీ మైనస్‌లు కొడతాడని వాదిస్తారు. అలా జరుగుతుంది, ఒప్పుకుంటాను. పోనీ కొత్తవాడి మాట ఎక్కడైనా చెల్లుతుందా అంటే, అప్పట్లో 15 పాయింట్లు లేనివాడు నొక్కిన ఓటు లోపల ఎక్కడో రాసుకునేవారు గానీ స్కోరులో కలిసేది కాదు. ఇంకొకరి పోస్టు కింద కామెంట్ పెట్టాలంటే 50 కావాల్సి వచ్చేది. అందుకే "నాదీ ఇదే సమస్య" అనేవాడు జవాబు డబ్బాలో రాసేవాడు, దాన్ని తీసేసేవారు.

ఇంకొకటి, ఈ "డౌట్". మనకు డౌట్ అంటే అడగాల్సిన విషయం, అంతే. స్కూల్లో మాస్టారు "డౌట్లు ఉన్నాయా" అనే అడిగారు. బయటి దేశంవాడికి అది అనుమానం, నమ్మకం లేకపోవడం. ఎవరో వచ్చి మన ప్రశ్నలో ఆ మాట కొట్టేస్తారు. పైన పెట్టిన నమస్కారం, కింద పెట్టిన థాంక్స్ కూడా తీసేస్తారు. అక్కడ పద్ధతి అంతే, ప్రశ్న తరవాత వచ్చేవాళ్లకు కూడా పనికొచ్చేలా ఉండాలి, పలకరింపులు అడ్డం అంటారు. నాకు అర్థమవుతుంది. కానీ మొదటిసారి వచ్చినవాడికి, ఇంటికెళితే కూర్చోమని కూడా అనకుండా "ఏం కావాలి" అన్నట్టే ఉంటుంది. కొత్తవాళ్లకు ఈ చోటు ఆదరంగా లేదని కంపెనీవాళ్లే 2018లో బాహాటంగా రాసుకున్నారు. కొత్తవాళ్ల పేరు దగ్గర "కొత్త సభ్యుడు" అని ఒక గుర్తు పెట్టారు. నాకైతే అది చూసి మెత్తబడినవాళ్లు కనిపించలేదు.

2021లోనే ఆ కంపెనీని ప్రోసస్ అనే సంస్థ 180 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. రోజూ వాకిలి ఊడ్చిన మాకు చీపురు కూడా రాలేదని స్నేహితులతో జోక్ వేసుకున్నాం. 2023 జూన్‌లో ఏఐ రాసిన జవాబులు తీసేసే విషయంలో కంపెనీ చేతులు కట్టేసిందని చాలామంది మోడరేటర్లు పని మానేసి సమ్మె చేశారు, ఆగస్టు దాకా నడిచింది. జీతం లేని పనికి సమ్మె ఏంటని మా ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలు అసలు ఆ సైట్‌కే వెళ్లరు. "ఎందుకన్నా తిట్టించుకోవడం, చాట్‌జీపీటీని అడిగితే పోయేదానికి" అంటారు. అది డూప్లికేట్ అనదు నిజమే, తప్పు జవాబైనా నవ్వు మొహంతో చెబుతుంది. అలా తీసుకొచ్చిన కోడ్‌లో పోయిన నెల అదే ప్రశ్నార్థకం, కోలన్, ఒక పక్క సున్నా, ఇంకో పక్క ఇంటీజర్ కనిపించాయి. రివ్యూలో నేనే ఆపాను.

మీ ప్రశ్న లింక్ ఇక్కడ కామెంట్‌లో పెట్టండి, చూస్తాను. అన్యాయంగా మూసి ఉంటే తెరవడానికి ఒక ఓటు నాది. కాకపోతే అందులో మానిటర్‌కి ఫోన్ పెట్టి తీసిన ఫోటో గానీ ఉంటే ముందు అది తీసేసి, ఎర్రర్‌ని అక్షరాలుగా అతికించి అప్పుడు పంపండి. దాని విషయంలో మాత్రం నాకు నిజంగానే పొగరు.