ఆఫీసులో ఒంటరినయ్యాను, మానేయమంటారా?

ప్రశ్న: మాది పార్వతీపురం. పెళ్లయ్యాక రాయగడ వచ్చాను. ఎం.కాం. చదివాను. ఇక్కడ ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తున్నాను. ఒడియా అర్థమవుతుంది గానీ మాట్లాడితే తడబడతాను. బిల్లింగ్‌లో ఉన్న ఇంకో తెలుగమ్మాయితో తప్ప ఎవరితోనూ చనువు లేదు. మిగతావాళ్లు ఒడియాలో మాట్లాడుకుంటూ నేను వెళ్లగానే ఆపేస్తారు. ఒకాయన నా ఒడియాను అనుకరించి అందరినీ నవ్విస్తాడు. స్టోర్స్ ఆయన బిల్లులు సరిగా ఇవ్వడు. పోయిన నెల జీఎస్టీ రిటర్న్‌లో కొన్ని కొనుగోలు బిల్లుల క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకు వచ్చే తగ్గింపు) రాలేదు. కటక్ నుంచి వచ్చిన మా మేనేజర్ అందరి ముందు నన్నే తిట్టారు. ఇంట్లో చెప్పుకుని ఏడిస్తే మావారు ‘మానెయ్, లేకపోతే నేనే వచ్చి మీ మేనేజర్‌తో మాట్లాడతా’ అంటున్నారు. అత్తగారిదీ అదే మాట. నాకు మానేయాలని లేదు. ఏం చేయను?
- ఒక సోదరి, రాయగడ

జవాబు: అమ్మా, ఇంతమంది మానేయమంటున్నా మీకు మానేయాలని లేదన్నారు. అదే నాకు ముఖ్యం. కాబట్టి ఉండి నెగ్గుకు రావడం గురించే మాట్లాడుకుందాం.

ముందు మీకు కొంచెం నొప్పి కలిగించే మాట చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా రాయగడ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇప్పటికీ బజార్లో, మజ్జిగౌరమ్మ గుడి దగ్గర తెలుగు వినపడుతూనే ఉంటుంది. ఇక్కడే పుట్టి పెరిగిన ఒడియావాళ్లలో చాలామందికి తెలుగు అర్థమవుతుంది, పైకి చెప్పరంతే. భోజనాల దగ్గర మీరిద్దరూ స్టోర్స్ ఆయన గురించి తెలుగులో ఏమైనా అనుకున్నారా? అది ఆయన చెవిన పడి ఉండదని గట్టిగా చెప్పగలరా? కటక్ నుంచి వచ్చిన మేనేజర్‌కి తెలుగు రాకపోవచ్చు. తనకు తెలియని భాషలో ఇద్దరు మాట్లాడుకుని నవ్వుకుంటుంటే ఆయనకేమనిపిస్తుందో కూడా ఆలోచించండి. మీరు వెళ్లగానే వాళ్లు మాట ఆపితే మీకు ఎలా ఉందో, వాళ్లకూ అలాగే ఉండి ఉంటుంది. తెలుగు మానేయమని కాదు. మూడో మనిషి పక్కనుంటే ఆ మనిషికి అర్థమయ్యే భాషలోకి మారండి. తడబడినా ఫర్వాలేదు.

ఇక బిల్లుల సంగతి. మీ టెన్షన్‌లో సగం ఇక్కడే ఉంది, అందుకని వివరంగా చెబుతాను. మీకు తెలియని లెక్క కాదు. అమ్మినవాడు 11వ తేదీలోపు తన అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో బిల్లు ఎక్కించాలి. ఎక్కిస్తేనే 14న పోర్టల్‌లో వచ్చే మీ క్రెడిట్ జాబితా 2బీలో అది కనపడుతుంది, 20వ తేదీలోపు వేసే మీ పన్ను రిటర్న్ 3బీలో మీకు క్రెడిట్ వస్తుంది. అంటే కొన్ని బిల్లుల విషయంలో తప్పు స్టోర్స్ ఆయనది కాకపోవచ్చు, సరుకు అమ్మిన వ్యాపారిది కావచ్చు. ఆ వ్యాపారులతో రోజూ ఫోన్లో మాట్లాడేది మాత్రం స్టోర్స్ ఆయనే. 18న వెళ్లి ‘బిల్లు ఏదండీ’ అని అడిగితే అప్పటికి ఆయన చేయగలిగేది ఏమీ ఉండదు. పైగా అది నింద లాగే వినపడుతుంది. అదే మాట నెల మొదటి వారంలో అడిగితే సాయం కోరినట్టు ఉంటుంది.

వచ్చే నెల 5వ తేదీ ప్రాంతంలో ఆయన టేబుల్ దగ్గరికి మీరే వెళ్లండి. వాట్సాప్ మెసేజ్‌తో మొదలుపెట్టొద్దు. వయసులో పెద్దాయనైతే ఆ మర్యాద ఇవ్వండి, కూర్చోమంటే కూర్చోండి. ‘పోయిన నెల కొన్ని బిల్లులు పోర్టల్‌లో రాలేదు. ఈసారి ముందే చూసుకుందామని వచ్చాను. మీ దగ్గరున్న బిల్లులూ నా లిస్టూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూద్దామా?’ అని అడగండి. ఒడియాలో ఆ రెండు మూడు వాక్యాలు ఇంట్లో ముందే అనుకుని వెళ్లండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. వచ్చాక, ఏ వ్యాపారి, బిల్లు నంబరు ఎంత, తేదీ ఏది అన్న మూడు వివరాలతో చిన్న మెసేజ్ పెట్టండి. మనిషితో మాట్లాడాక పెట్టిన మెసేజ్ గుర్తుచేసినట్టు ఉంటుంది. మాట్లాడకుండా పెడితే సాక్ష్యం పోగుచేస్తున్నట్టు ఉంటుంది. పని ఆగిపోయే చోట చాలా గొడవలు ఇలాగే ముదురుతాయి.

మేనేజర్ అందరి ముందు తిట్టడం సరికాదు. ఆ మాట ఆయనకు చెప్పొచ్చు. ఆయన తీరికగా ఉన్నప్పుడు, విడిగా చెప్పండి. ‘అందరూ నన్ను దూరం పెడుతున్నారు’ అని మొదలుపెడితే ఆయన చేతిలో ఏమీ ఉండదు. ఒక్క విషయమే చెప్పండి: బిల్లులు నాకు ఏ తేదీకల్లా అందాలో ఖరారు చేయండి, నా తప్పుంటే విడిగా పిలిచి చెప్పండి, వెంటనే దిద్దుకుంటాను. అంతకు మించి ఆ రోజు ఇంకేమీ ఎత్తొద్దు.

మీ ఒడియాను అనుకరించే ఆయన విషయంలో సర్దుకుపొమ్మని నేను చెప్పను. మనసు నొచ్చుకుంటున్నా మీరు కూడా నవ్వేస్తుంటే, అది ఆపేయండి. విడిగా ఒకసారి, గొంతు పెంచకుండా, ‘తప్పు మాట్లాడితే సరిచేయండి, నేర్చుకుంటాను. ఇలా అందరి ముందు అనుకరించొద్దు’ అని చెప్పండి. ఆ తర్వాతా మానకపోతే మేనేజర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి.

చనువు పనిలోంచే పుట్టాలని లేదు. మన ఉత్తరాంధ్రలో మార్గశిర లక్ష్మివారాలు చేసినట్టే, ఒడియా ఇళ్లలో అదే మాసం గురువారాల్లో మాణబసా అనే లక్ష్మీపూజ చేస్తారు. బియ్యప్పిండితో ఝోటి వేస్తారు, మన ముగ్గుల్లాగే. ఆఫీసులో ఆడవాళ్లెవరినైనా ఎలా చేస్తారని అడగండి. అడిగి, మనస్ఫూర్తిగా వినండి. పక్కవాళ్ల ఇంటి సంగతి నిజంగా తెలుసుకోవాలనుకునేవాళ్లని దూరంగా ఉంచేవాళ్లు తక్కువ.

మీవారి ప్రేమను తప్పుపట్టను. మీరు ఏడుస్తుంటే చూడలేక అంటున్న మాటలవి. కానీ ఆయన ఆఫీసుకు వస్తే, మీ మాట మీరు చెప్పుకోలేరన్న ముద్ర పడిపోతుంది. రానివ్వకండి. ఇంట్లో చెప్పుకునే ముందే ‘ఈ రోజు సలహా వద్దండీ, కాసేపు వినండి చాలు’ అని అడిగి చూడండి. అత్తగారికి ఆఫీసులో జరిగిన మంచి కూడా చెబుతుండండి. చెడు ఒక్కటే వింటే ఏ పెద్దావిడైనా మానేయమనే అంటుంది.

రెండు మూడు నెలల రిటర్న్‌లు ఇలా నడిపి చూడండి. అప్పటికీ మేనేజర్ తేదీలు ఖరారు చేయక, తిట్లు మాత్రం మీకే మిగిలితే, మారడంలో తప్పులేదు. రిటర్న్‌లు వేసిన అనుభవం ఉన్నవాళ్ల అవసరం పార్వతీపురంలోనూ ఉంటుంది, విజయనగరంలోనూ ఉంటుంది. అయితే ముందు ఇంకో చోట మాట ఖాయం చేసుకుని, ఇక్కడ ఎక్స్‌పీరియన్స్ లెటర్ అడిగి తీసుకున్నాకే బయటికి రండి.