రోజూ ఆఫీసుకు జిమ్నీ పనికొస్తుందా?

వైజాగ్‌లో రోజూ ఆఫీసుకు, అప్పుడప్పుడు పాడేరు దగ్గర తోటకు వెళ్లడానికి మారుతీ జిమ్నీ తీసుకోవచ్చా, ఇంట్లో అమ్మానాన్నలతో కలిపి నలుగురం అని అడిగారు. నేను మధురవాడ నుంచి రోజూ మాన్యువల్ జిమ్నీలోనే తిరుగుతున్నాను. మీ ఒక్కరికైతే కళ్లు మూసుకుని తీసుకోమంటాను. ఆలోచించాల్సింది పెద్దవాళ్ల గురించే.

చూడటానికి పెట్టెలా ఉంటుంది గానీ వెడల్పు 1,645 మిల్లీమీటర్లే, స్విఫ్ట్ కంటే తక్కువ. పైగా ఎత్తులో కూర్చుంటాం, బానెట్ రెండు మూలలూ కనిపిస్తాయి. జగదాంబ దగ్గర ఆటోల మధ్య బండి ఎక్కడ పడుతుందో, ఎక్కడ పట్టదో కూర్చున్నచోటు నుంచే తెలిసిపోతుంది. అలాగని ఒక్క తిప్పుకే యూటర్న్ అయిపోతుందనుకోకండి. టర్నింగ్ రేడియస్ 5.7 మీటర్లు. స్టీరింగ్ ఎక్కువ తిప్పాలి, మలుపు దాటాక దానంతటది గబుక్కున వెనక్కి రాదు, మనమే తేవాలి. రాళ్లదారిలో చక్రానికి తగిలే దెబ్బ చేతుల దాకా రాకుండా పెట్టిన పద్ధతి అది. కొన్నాళ్లకు చేయి అలవాటు పడుతుంది.

ముందూ వెనకా సాలిడ్ యాక్సిలే, అంటే రెండు పక్కల చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు. ఒక చక్రం గతుకులో పడితే రెండో వైపు కూడా కదులుతుంది, లోపలున్నవాళ్లు పక్కలకు ఊగుతారు. స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకు అది సరదా, వెనక కూర్చున్న అమ్మగారికి నడుము నొప్పి. ఎక్కడానికి కాలు ఎత్తి పెట్టాలి, వెనక ఏసీ వెంట్లు లేవు. డిక్కీ 208 లీటర్లే. తోట నుంచి రెండు బస్తాలు తేవాలంటే వెనక సీటు మడవాల్సిందే. డిక్కీ తలుపు పక్కకు తెరుచుకుంటుంది కాబట్టి గోడకు ఆనించి పార్క్ చేస్తే సామాను తీయలేరు.

ఇంజిన్ 1.5 లీటర్ల పెట్రోలు, 105 పీఎస్. సిటీకి చాలు. అనకాపల్లి హైవే మీద లారీని దాటాలంటే ఒక గేరు తగ్గించి తొక్కాలి. పాడేరు ఘాట్‌లో నలుగురితో ఎక్కేటప్పుడు రెండో గేరుకు, మూడో గేరుకు మధ్య చేతికి పని ఉంటుంది. కంపెనీ చెప్పే 16.94 మైలేజీ ట్రాఫిక్‌లో ఆశించొద్దు.

ఇక ఫోర్ వీల్ డ్రైవ్. ఘాట్‌లో పట్టు ఉంటుందని పొడి తారు రోడ్డు మీద 4హెచ్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం వెళ్లే మోడ్) వేసి నడిపేవాళ్లను చూశాను, అలా చేయకండి. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం తిరగవు. ఆ తేడాను సర్దే సెంటర్ డిఫరెన్షియల్ ఇందులో లేదు, ఆ బిగువంతా గేర్ల మీద పడుతుంది. వానకు తడిసిన ఎర్రమట్టి దారిలో వేయండి, అప్పుడు దాని విలువ తెలుస్తుంది. 4ఎల్ (నాలుగు చక్రాలతోనే, నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే మోడ్) వేయాలంటే మాత్రం బండి ఆపాలి. వంజంగి వైపు రాళ్లదారిలో అందులో పెట్టి యాక్సిలరేటర్ జోలికి పోకపోయినా మెల్లగా ఎక్కిపోతుంది. 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్‌కు తోడు ముందూ వెనకా పొట్టి బంపర్లు కాబట్టి అడుగు తగులుతుందన్న టెన్షన్ ఉండదు.

మీ తోట దాకా తారు రోడ్డే ఉంటే ఈ ఖర్చు మీకు అనవసరం. మట్టిదారి ఉంటే టెస్ట్ డ్రైవ్‌కు అమ్మానాన్నలను వెంట తీసుకెళ్లండి. షోరూమ్‌వాళ్లు చూపించే నున్నటి రోడ్డు కాకుండా గోతులున్న వీధిలో వాళ్లను వెనక కూర్చోబెట్టి నడపండి. వాళ్లు సరేనంటే, రోజూ ట్రాఫిక్కే కాబట్టి ఆటోమేటిక్ కూడా ఒకసారి చూడండి. నాలుగే గేర్లు, తీరిగ్గా మారుతుంది, కానీ ఎడమకాలికి విశ్రాంతి.