దుమ్ము మీద నేరం మోపకు

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. ఒక్క రాత్రిలో చదివేశాను. వాక్యం నీకు బాగానే పలుకుతుంది. కానీ మొదటి వాక్యం దగ్గరే నాకు ఒళ్లు మండింది. "దుమ్ము తుఫాను జోడ్ కుటుంబాన్ని కాలిఫోర్నియాకు తరిమేసింది" అని రాశావు. జోడ్‌ల కథ చెప్పిన జాన్ స్టైన్‌బెక్ నవల 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' నేపథ్యం రాసేవాళ్లు చాలామంది ఇలాగే మొదలుపెడతారు.

ఒకసారి మ్యాపు తియ్యి. జోడ్‌ల ఊరు సాలిసా ఓక్లహోమాకు తూర్పు కొసన, ఆర్కన్సా సరిహద్దు దగ్గర ఉంది. నేల గాలికి లేచిపోయిన 'డస్ట్ బౌల్' ఆ రాష్ట్రానికి పడమటి కొసన. పెద్ద దుమ్ము తుఫాను లేచిన 'బ్లాక్ సండే' 1935 ఏప్రిల్ 14న, నవల విడుదల 1939 ఏప్రిల్ 14న అని తేదీలు కలిసినందుకు పేజీ నిండా మురిసిపోయావు. ఆ పేజీ 1933కి ఇవ్వాల్సింది. పత్తి ధర పడిపోయిందని, సాగు తగ్గించిన భూస్వాములకు డబ్బిస్తామని అమెరికా ప్రభుత్వం ఆ ఏడాది చట్టం చేసింది. సుమారు కోటి ఎకరాల్లో ఎదుగుతున్న పత్తిని దున్నేశారు. డబ్బు ఎక్కువగా పట్టా ఉన్నవాడి చేతికే చేరింది. పొలం బీడు పెట్టాక కౌలుదారుతో వాడికేం పని? ఆ డబ్బుతో ట్రాక్టర్లు కొన్నవాళ్లున్నారు. నవల దుమ్ముతో మొదలవుతుంది, కాదనను. ఐదో అధ్యాయానికల్లా గుడిసెల ముందు యజమానుల కార్లు వచ్చి ఆగుతాయి. ఇల్లు కూల్చేది ట్రాక్టరు, గాలి కాదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా తొలి కథ పాలమూరు వలస కూలీల మీద. గుంపు మేస్త్రీ ఎవరికి ఎంత అడ్వాన్సు ఇచ్చాడో, అది ఎన్ని నెలల చాకిరీకి తీరుతుందో అంతా లెక్కగా రాశాను. ఓ వారపత్రిక సంపాదకుడు ఆ లెక్కంతా కొట్టేసి, "వరుణుడు కరుణించక" అని తన ముక్క ఒకటి చేర్చి, నెర్రెలిచ్చిన నేల బొమ్మతో అచ్చేశాడు. నాకు ఆ లెక్క చెప్పిన పెద్దాయనకు సంచిక చదివి వినిపించాను. చివరిదాకా విని, "మరి మేస్త్రి యాడ వాయె సారూ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ వలస కథకు ఆ నెర్రెల బొమ్మ వేస్తే ఆ పేజీ చదవబుద్ధి కాదు.

స్టైన్‌బెక్ లెక్క వదల్లేదు. 1936లో ఓ శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికకు కాలిఫోర్నియా వలస కూలీల మీద ఏడు వ్యాసాలు రాశాడు. ఆర్విన్ ప్రభుత్వ శిబిరం నడిపిన టామ్ కాలిన్స్ తన నివేదికల్లో కూలీల మాట తీరు, పాటలు కూడా ఎక్కించేవాడు. స్టైన్‌బెక్ వాటిని దగ్గర పెట్టుకున్నాడు. నవల అంకితమిచ్చిన ఇద్దరిలో ఒకరు ఈ టామే. 1938 ఫిబ్రవరిలో విసేలియా దగ్గర వరదల్లో కూలీల కుటుంబాలు ఆకలితో మాడుతుంటే ఇద్దరూ ఆ బురదలోకి వెళ్లారు. నవల చివర్లో వచ్చే వాన ఎక్కడిదో నీకిప్పుడు తెలిసిందిగా.

ఇంకో లోటు. ఓకీలు, అంటే ఓక్లహోమా వైపు నుంచి వచ్చిన కూలీలు, రాకముందు కాలిఫోర్నియా పొలాల్లో వంగి పనిచేసింది మెక్సికన్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు. 1933లో శాన్ వాకీన్ లోయ పత్తి సమ్మె చేసినవాళ్లలో అత్యధికులు మెక్సికన్లే. నవల్లో వాళ్లు దాదాపు కనిపించరు. నీ వ్యాసంలోనూ లేరు. నవలాకారుణ్ణి క్షమిస్తాను గానీ, చరిత్ర రాస్తానని కూర్చున్న నిన్ను క్షమించలేను. సంఘం పెట్టుకునే హక్కును కాపాడిన 1935 కార్మిక చట్టం పొలం కూలీలను బయటే ఉంచేసింది. అది కూడా చేర్చు.

పుస్తకంగా వేసేవాళ్ల గురించి అడిగావు, తర్వాత చూద్దాం. ముందు ఆ మొదటి పేజీ తీసేసి, కౌలుదారు గుడిసె ముందు కారు ఆగిన చోట మొదలుపెట్టి నాకు పంపు. అద్దం దించి మాట్లాడినవాడు ఎవరి తరఫున వచ్చాడో రెండో పేరాలోనే తెలియాలి.

మీ అన్నయ్య