మన తుంగతుర్తి డాక్టరు రాసిన కథలు

నటుడు ప్రభాకర్ రెడ్డి నిజంగా నల్గొండ వారేనా, డాక్టరు చదువు చదివి సినిమాల్లోకి ఎందుకు వెళ్లారు, విలన్ వేషాలు వేసే ఆయన కథలు కూడా రాశారా అని మీరు రాసి అడిగారు. చివర్లో మీ సంగతి కూడా చెప్పారు. మిర్యాలగూడలో బీఫార్మసీ చదువుతున్నారు, నటనా ఇష్టమే, రాయడమూ ఇష్టమే, రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టవుతుందేమోనని భయం. ఇరవై ఏళ్ల కింద నేనూ ఇదే భయంతో హైదరాబాద్ బస్సెక్కాను కాబట్టి జవాబు కాస్త పొడుగవుతుంది, ఏమనుకోకండి.

ముందు ఆయన సంగతి. నూటికి నూరుపాళ్లూ మన జిల్లా మనిషే. మందాడి ప్రభాకర్ రెడ్డి 1935 అక్టోబర్ 8న తుంగతుర్తిలో పుట్టారు. అప్పటికి అది నల్గొండ జిల్లా, 2016లో జిల్లాలు విడగొట్టాక సూర్యాపేట జిల్లాలోకి పోయింది. మా ఊరు అక్కడికి దగ్గరే. నా చిన్నప్పుడు సూర్యాపేటలో సినిమా చూస్తుంటే, ఆయన తెర మీదికి వచ్చి హీరో తల్లిని ఏడిపిస్తున్నా సరే, మా నాయన పక్కసీటాయన్ని మోచేత్తో పొడిచి "మన డాక్టరు సారు" అని చెప్పేవాడు. విలన్‌ను చూసి అంత మురిసిపోయే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఉస్మానియా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదివారు. చదువు అయిపోయిన 1960లోనే మొదటి సినిమా 'చివరకు మిగిలేది' వచ్చింది. తీసింది గుత్తా రామినీడు. సావిత్రి నర్సుగా చేసిన పిచ్చాసుపత్రి కథ అది. అంటే ఒక ఆసుపత్రిలోంచి బయటికొచ్చి ఇంకో ఆసుపత్రి సెట్లోకి అడుగుపెట్టారన్నమాట. ఆ తర్వాత వందల సినిమాలు చేశారు. జమీందారు, లాయరు, పోలీసు ఆఫీసరు, మోసం చేసే బావగారు, ఇలా తెల్లచొక్కా ఇస్త్రీ నలగని వేషాలు ఎక్కువ. 1980లో 'యువతరం కదిలింది'కి, తర్వాత 'పల్లె పిలిచింది'కి నంది ఉత్తమ నటుడు అవార్డులు వచ్చాయి. తెలంగాణ సాయుధ పోరాటం నడిచిన రోజుల్లో తుంగతుర్తిలో పదేళ్లు దాటిన పిల్లవాడు ఆయన. ఎర్రజెండా సినిమాలో ఆయన ముఖం ఎందుకంత నిజంగా ఉంటుందో మా వైపు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

జయప్రద తొలిసారి 'భూమికోసం' సినిమాలో ఒక చిన్న డాన్స్‌లో కనపడింది. ఆ అవకాశం ఇప్పించిందీ, లలితారాణి అనే అమ్మాయికి ఆ పేరు పెట్టిందీ ఈయనే అంటారు. 1997 నవంబర్ 26న పోయారు. మణికొండలో సినిమా కార్మికుల చిత్రపురి కాలనీ ఉంది కదా, దానికి పెట్టింది ఆయన పేరే. నాతో పాటు జూనియర్ ఆర్టిస్టుగా తిరిగిన ఒకాయన ఇప్పుడు అక్కడే ఉంటున్నాడు. అడ్రస్ చెప్పేటప్పుడు రోజూ ఆయన పేరు పలుకుతాడు, ఆయన సినిమా ఒక్కటీ పూర్తిగా చూసి ఉండడు.

ఇక కథల విషయం. 1972లో వచ్చిన 'పండంటి కాపురం' కథ ఆయనదే. ఎస్వీ రంగారావు, గుమ్మడి, ప్రభాకర్ రెడ్డి, కృష్ణ అన్నదమ్ములుగా కనిపిస్తారు. వాళ్ల ఇంటిని కూల్చడానికి వచ్చే మనిషిగా జమున. ఆ ఏడాది తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు దానికే వచ్చింది. 1979లో వచ్చిన 'కార్తీక దీపం' కథ కూడా ఆయనదే. శోభన్ బాబు, శారద, శ్రీదేవి ఉన్న సినిమా. తర్వాత హిందీలోకీ వెళ్లింది. ఈ రెంటికీ దర్శకుడు లక్ష్మీదీపక్. తెర మీద కాపురాలు కూల్చే వేషాలు వేసిన మనిషి, కాగితం మీద మాత్రం కాపురాలు నిలబెట్టే కథలే రాశాడు. మా అమ్మకు ఇది ఎంత చెప్పినా నమ్మకం కుదరలేదు. 'కార్తీక దీపం' టీవీలో వచ్చిన ప్రతిసారీ ఏడ్చేది, "గీ కథ ఆయన రాసుడేంది" అని ప్రతిసారీ అనేది.

నాకు మాత్రం నమ్మకమే. ఎందుకో చెప్తాను. నేను ఇప్పుడు నల్గొండలో, గడియారం సెంటర్‌కు కొంచెం ఇవతల మెడికల్ షాపు నడుపుతున్నాను. కడుపునొప్పికి గోలీ అడగడానికి వచ్చిన మనిషి కడుపునొప్పి గురించి ఒక్క మాట చెప్తే, ఇంటి గురించి పది మాటలు చెప్తాడు. డాక్టరు దగ్గర ఇంకా ఎక్కువ చెప్తారు. అలా వినడం అలవాటైన చెవి ఆయనది. ఇది నా ఊహే, ఆయన ఎక్కడా అన్న మాట కాదు.

మా షాపుకు ఒక ముసలమ్మ వస్తుంది. బీపీ గోలీలు. నెలకు ముప్పై రాసిన చీటీ ఉంటుంది, కానీ ఎప్పుడూ పదిహేనే అడుగుతుంది. పదిహేను గోలీల షీటు కదా, ఒక షీటు అన్నమాట. పదహారో తారీకున మళ్లీ వచ్చి ఇంకో షీటు. నాకు అర్థం కాక "అమ్మా, ఒకేసారి తీసుకుపో, ఇంత ఎండలో రెండుసార్లు ఎందుకు తిరుగుతవ్" అన్నాను. అప్పుడు చెప్పింది. ఇద్దరు కొడుకులు, పదిహేను రోజులు పెద్దోని ఇంట్లో, పదిహేను రోజులు చిన్నోని ఇంట్లో. ఎవరింట్లో ఉన్నన్ని రోజులకు వాళ్లే గోలీలు కొనివ్వాలి. బాగానే ఉంది అనుకున్నాను. జనవరి నెలాఖరుకు మళ్లీ వచ్చి కొంగు ముడి విప్పి చిల్లర తీసింది. "ఒక్కటియ్యి బిడ్డా" అంది. ఒక్కటేంది అంటే, "ఇయ్యాల ముప్పై ఒకటి. ఇది ఎవ్వరి వంతుల లేదు. నా పించను పైసలతోని నేనే కొనుక్కుంట" అంది.

పన్నెండు నెలల్లో ముప్పై ఒకటో తారీకు ఏడుసార్లు వస్తుంది. నేను షీటు కత్తిరించి ఒక గోలీ ఇచ్చాను, పైసలు వద్దంటే తీసుకోలేదు. నలుగురు అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఉండే 'పండంటి కాపురం' వచ్చి యాభై ఏళ్లు దాటింది. ఇప్పుడు రాయాలంటే ఈ ఒక్క గోలీ దగ్గర మొదలుపెట్టాలి అనిపించింది. ఫార్మసీ చదువును కథలకు అడ్డం అనుకుంటున్నారు మీరు. నేనైతే కథలు దొరికే దుకాణం అనుకుంటాను.

నటన రాతకు ఎలా పనికొస్తుందో నాకు ఒక్క డైలాగుతో తెలిసింది. హైదరాబాద్‌లో సినిమావాళ్లుండే కృష్ణానగర్‌లో ఒక రూములో నలుగురం ఉండేవాళ్లం. ఏజెంటు పిలిస్తే గుంపులో నిలబడడం, సాయంత్రానికి బేటా, అంటే ఆ రోజు కూలి, తీసుకోవడం. ఒక రోజు పనివాడి వేషం, డైలాగు కూడా ఇచ్చారు. "అయ్యగారూ, పట్నం నుంచి తమ్ముడుగారు రాత్రి బండికి బయలుదేరి ఇప్పుడే వచ్చారండీ." రాత్రంతా బట్టీ పట్టాను. కెమెరా ముందు నోట్లోంచి వచ్చింది, "అయ్యగారూ, పట్నం కెళ్లి తమ్ముడుగారు..." మనకు 'కెళ్లి' అంటే 'నుంచి' అని. అసిస్టెంట్ డైరెక్టరుకు అది వేరేలా వినపడింది. "తమ్ముడు పట్నం వెళ్లాడా, వచ్చాడా? ముందు అది తేల్చు" అన్నాడు. సెట్టంతా నవ్వు. రెండో టేకులోనూ అదే వచ్చింది. చెమటలు పట్టాయి.

అయ్యగారి వేషంలో ఉన్న పెద్దాయన మాత్రం నవ్వలేదు. కాగితం తెప్పించుకుని సగం మాటలు కొట్టేశాడు. "మెట్లెక్కి ఉరికొచ్చినవాడికి అంత ఊపిరి ఎక్కడిది? తమ్ముడుగారొచ్చారు అను చాలు" అన్నాడు. ఒక్క టేకులో ఓకే అయింది. మాట ఊపిరిని బట్టి ఉండాలన్నది ఆ రోజు పట్టుబడింది. ఇతరులు రాసిన మాటలు వందల సినిమాల్లో పలికిన మనిషి కథ రాయడానికి కూర్చుంటే ఆ లెక్క ఎలాగూ చేతిలో ఉంటుంది. అయితే ఒక్కటి. ఆయన ఏ సినిమాలోనూ మా తుంగతుర్తి మాట మాట్లాడగా నేను వినలేదు. ఆ రోజుల్లో అది నవ్వించడానికో, రౌడీకో తప్ప పనికిరాదు. మీ రోజులు మారాయి, మీరు 'కెళ్లి' అన్నా ఎవరూ కట్ చెప్పరు.

రాయడంలో నాకు తగిలిన దెబ్బ కూడా చెప్తాను, మీకు పనికొస్తుంది. ఒక సినిమా ఆఫీసులో మూడు నెలలు కథ మీద కూర్చున్నాను. బావి మోటారు వంతు కోసం తమ్ముడు అర్ధరాత్రి గోడ గడియారం ముల్లు వెనక్కి తిప్పే సీను ఒకటి చెప్పాను. అడ్వాన్సు వచ్చే వారం అన్నారు, ఆ వారం రాలేదు. ఏడాది తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో సినిమా చూస్తుంటే ఇంటర్వెల్ ముందు ఆ గడియారమే తెర మీద కనపడింది. టైటిల్స్‌లో నా పేరు లేదు. అడగడానికి నా దగ్గర కాగితం ముక్క లేదు. మీరు మాత్రం కథ చెప్పే ముందే రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించండి. ఎవరికి ఏ రోజు చెప్పారో మెయిల్ పెట్టండి. మొహమాటపడకండి.

రెండు పడవల సంగతికొస్తే, మన దగ్గర రెండూ చేసినవాళ్లకు కొదవ లేదు. గొల్లపూడి మారుతీరావు రచయితగా పేరు తెచ్చుకున్నాక, నలభై దాటిన వయసులో, 1982లో 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య'తో నటుడయ్యారు. తనికెళ్ల భరణి మాటలు రాస్తూ రాస్తూ 'శివ'లో నానాజీ అయ్యారు. వాళ్లిద్దరూ కలం వైపు నుంచి కెమెరా ముందుకు వచ్చారు. ప్రభాకర్ రెడ్డి కెమెరా వైపు నుంచి కలం పట్టారు, అదీ చేతిలో డిగ్రీ ఉండగా. నా చేతిలో ఏమీ లేకుండా వెళ్లాను. అద్దె కట్టాల్సిన ఐదో తారీకు దగ్గర పడితే ఏ సీనూ తోచదు, ఆ టెన్షన్ అనుభవించినవాడికే తెలుస్తుంది. ఆరేళ్లకు తిరిగొచ్చి, డీఫార్మసీ చేసి షాపు పెట్టాను. అందుకే చదువు ఆపకండి అంటున్నాను. పరీక్షలు అయ్యాకే బస్సెక్కండి. హైదరాబాద్ ఎక్కడికీ పోదు, మీకు మూడు గంటల ప్రయాణం.

నేను రాయడం పూర్తిగా మానలేదు. మందుల కంపెనీలవాళ్లు ఇచ్చే చిన్న పుస్తకాలు ఉంటాయి కదా, వాటి వెనక పేజీల్లో రాసుకుంటాను. నల్గొండ వచ్చినప్పుడు షాపుకు రండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా గిరాకీ ఉండదు. మీ కథ తెచ్చుకోండి, చదివి వినిపించొద్దు, నటించి చూపించండి.