గట్టు మీది ముళ్ల చెట్లలో ఏది జమ్మి, ఏది సర్కారు తుమ్మ?

సందేహం: మా పొలం గట్టు మీద మూడు రకాల ముళ్ల చెట్లున్నాయి. బయటి దేశం నుంచి వచ్చినవి తీసేసి, మన జమ్మి, నల్ల తుమ్మ మాత్రం ఉంచుదామనుకుంటున్నాను. ఫోన్ యాప్‌లో చూస్తే మూడింటికీ 'ఫాబేసీ' అనే వస్తోంది. మూడూ ఒకటేనా? కొమ్మల ఫోటోలు పంపుతున్నాను. – ఒక రైతు

జవాబు: యాప్ తప్పు చెప్పలేదు, సగమే చెప్పింది. ఫాబేసీ అంటే చిక్కుడు కుటుంబం. కంది, పెసర, వేరుశనగ కూడా అందులోవే. కాబట్టి కుటుంబం పేరు చూసి గొడ్డలి తీయకండి. ఒకే కుటుంబంలో మనవీ ఉంటాయి, వలస వచ్చినవీ ఉంటాయి.

ఆకులు చూసి పోల్చుకుందామంటే మూడింటివీ చింతాకులా చిన్న చిన్నవే, తికమక పడతారు. ముల్లు చూడండి. ఒక లేత కొమ్మ పట్టుకుని, ఆకు పుట్టే కణుపు దగ్గర వెతకండి. అక్కడ జతగానో ఒంటిగానో నిటారు ముల్లు ఉండి, కణుపుల మధ్య కొమ్మ నున్నగా ఉంటే సర్కారు తుమ్మ కావచ్చు. జమ్మికి అలా కాదు. కణుపుల మధ్య కూడా అక్కడొకటి ఇక్కడొకటి పొట్టి ముళ్లుంటాయి, గులాబీ ముల్లులా అడుగు వెడల్పుగా. నల్ల తుమ్మకూ కణుపు దగ్గర జత ముళ్లే, పైగా తెల్లగా పొడుగ్గా ఉంటాయి. అందుకే ముల్లు ఒక్కటే చూసి సర్కారు తుమ్మ అని తేల్చేయకూడదు.

పూత ఉంటే పని తేలిక. నల్ల తుమ్మ పువ్వు గుండ్రటి పసుపు బంతి. మిగతా రెండింటిదీ సన్నటి కంకి. కాయలో కూడా తేడా ఉంది. నల్ల తుమ్మ కాయ గింజ గింజకీ మధ్య నొక్కినట్టు, పూసల దండలా ఉంటుంది. సర్కారు తుమ్మది పండితే పసుపు, లోపల తియ్యటి గుజ్జు. జమ్మి కాయ సన్నగా వేలాడుతుంది.

ఇక పేర్ల సంగతి. సర్కారు తుమ్మ అసలు తుమ్మే కాదు, జమ్మికి దగ్గరి చుట్టం. మొన్నమొన్నటి దాకా రెండూ ప్రోసోపిస్ అనే ప్రజాతిలోనే, అంటే దగ్గరి జాతుల గుంపులోనే ఉండేవి. 2022లో సర్కారు తుమ్మను విడదీసి నెల్టుమా జూలిఫ్లోరా అన్నారు, జమ్మి మాత్రం ప్రోసోపిస్ సినరేరియాగానే ఉంది. సర్కారు తుమ్మ పుట్టిల్లు అమెరికా ఖండాలు. 1877 ప్రాంతంలో మన దేశానికి తెచ్చి నాటారు. చెట్టు ముఖం చూసి దాని దేశం చెప్పలేం. ముందు జాతి తేల్చుకుని, ఆ తర్వాత దాని చరిత్ర చూడాలి. మనం మనదే అనుకునే చింత కూడా ఆఫ్రికా నుంచి వచ్చిందే, దాన్ని ఎవరూ కొట్టమనరు కదా!

సర్కారు తుమ్మను నేలమట్టంగా నరికితే మొదలు నుంచి మళ్లీ గుబురుగా చిగురిస్తుంది. మొదలు చుట్టూ తవ్వి, చిగుళ్లు పుట్టే వేరు భాగాన్ని కూడా పెకలించాలి. కాయలు పండకముందే ఈ పని పెట్టుకోండి. పశువులు కాయ తింటే గింజలు పేడతో పాటు పొలమంతా పడతాయి.

మీ మొదటి ఫోటోలోది సర్కారు తుమ్మే, కాయ కూడా కనిపిస్తోంది. రెండోది జమ్మి, ఉంచండి. మూడో ఫోటోలో ఆకు తప్ప ఏమీ లేదు. కణుపు దగ్గరి ముల్లు, దొరికితే కాయ లేదా పువ్వు ఫోటో తీసి పంపండి. అప్పటిదాకా దాన్ని ముట్టుకోకండి.