పాసౌ నుంచి వియన్నా వరకు సైకిల్‌పై

ప్రశ్న: ఉద్యోగరీత్యా మ్యూనిక్‌లో ఉంటున్నాము. జర్మనీలోని పాసౌ నుంచి వియన్నా వరకు డాన్యూబ్ నది ఒడ్డున సైకిళ్లపై వెళ్లవచ్చని విన్నాము. పెద్దగా అలవాటు లేని, యాభై ఏళ్లు దాటిన దంపతులకు ఇది సాధ్యమేనా?

జవాబు: నిశ్చింతగా బయలుదేరవచ్చు. దూరం 300 కిలోమీటర్లకు పైనే అయినా, దారి నది పారే దిశలోనే సాగుతుంది కనుక ఎత్తులు ఎక్కవలసిన శ్రమ దాదాపు ఉండదు. వారం రోజులు కేటాయించుకుంటే రోజుకు సగటున 45 కిలోమీటర్లు తొక్కితే సరిపోతుంది. సామాను ఒక బస నుంచి మరో బసకు చేరవేసే సంస్థలు ఉన్నాయి.

పాసౌలో ఇన్, ఇల్ట్స్ నదులు డాన్యూబ్‌లో కలిసే చోటును చూడకుండా కదలకండి. ష్లోగెన్ వద్ద నది కొండను చుట్టి దాదాపు వెనక్కి తిరుగుతుంది. అక్కడ సైకిళ్లను కూడా ఎక్కించుకునే పడవలు నడుస్తాయి. మెల్క్, క్రెమ్స్ పట్టణాల మధ్యనున్న వాఖావ్ లోయను మాత్రం ఒక్క పూటలో దాటేయడం, నా దృష్టిలో, పెద్ద పొరపాటు. ద్రాక్షతోటలు, ఆప్రికాట్ తోటలతో నిండిన ఆ లోయను యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంగ్లండు రాజు మొదటి రిచర్డును 1192లో బంధించిన కోట శిథిలాలు అక్కడి డ్యూర్న్‌స్టైన్ ఊరిపైనే కనిపిస్తాయి. తిరుగు ప్రయాణానికి రైలుంది, కానీ అందులో సైకిళ్లకు చోటు ముందుగానే ఖాయం చేసుకోండి.